పాఠం ఉంది, పలకడం లేదు

ముఖర్జీ నగర్‌లో చదువు సగం కళ్లతో, సగం చెవులతో సాగుతుంది. ఉత్తర ఢిల్లీలో, గురు తేగ్ బహదూర్ నగర్ మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో, బత్రా సినిమా పేరుతో అడ్రసు చెప్పుకునే ఈ సివిల్స్ పేటలో కళ్లకు కావలసింది జెరాక్స్ దుకాణాలు సమకూరుస్తాయి. చెవులకు కావలసింది ఫోన్లలో ఉంటుంది. క్లాసులో రికార్డు చేసుకున్న ఎథిక్స్ లెక్చరు, ఆకాశవాణి వార్తలు, మిత్రుడు వాట్సాప్‌లో పంపిన వాయిస్ నోట్, మాక్ ఇంటర్వ్యూలో తన గొంతు తనకే కొత్తగా వినిపించిన అరగంట... అన్నీ ఫైళ్లే.

ఆ ఫైళ్లు ఉన్నచోట ఉండవు. ఫోన్ నుంచి లాప్‌టాప్‌కు, అక్కడి నుంచి చౌక ఎంపీ3 ప్లేయర్‌కో, ఊళ్లో అదే పరీక్షకు చదువుతున్న తమ్ముడికో ప్రయాణం చేస్తుంటాయి. చాలాసార్లు దారిలో రూపం మార్చుకోక తప్పదు. ఆ మార్పిడిని చాలామందికి చేసిపెట్టేది లాప్‌టాప్‌లోని మీడియా ప్లేయరే. నెలల తరబడి మారుమాట లేకుండా పనిచేసిన ఆ ప్లేయర్ ఒక రాత్రి ‘కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకుంటారా’ అని అడుగుతుంది. సరే అంటే మర్నాటి నుంచి మొరాయిస్తుంది. మార్చమంటే సున్నా బైట్ల ఫైలు చేతిలో పెడుతుంది. లేదా ఫైలు వస్తుంది కానీ శబ్దం రాదు. అదీ కాదంటే ప్రొఫెసర్ గొంతు చిన్నపిల్లాడి గొంతులా కీచుమంటుంది. కొన్నిసార్లు నిన్నటిదాకా మెనూలో ఉన్న ‘ఎంపీ3గా మార్చు’ అన్న మాటే ఇవాళ కనిపించదు.

ప్రిలిమ్స్ నెల రోజుల్లో ఉండగా ఇలా జరిగితే కాళ్లూ చేతులూ ఆడవు. నిజానికి ప్లేయర్‌ను అప్‌డేట్ చేసినంత మాత్రాన హార్డ్‌డిస్క్‌లో ఉన్న రికార్డింగ్‌కు ఏమీ కాదు. అప్‌డేట్ మార్చేది ప్లేయర్‌ను, దాని సెట్టింగులను. పాఠాలు పోయేది ఆ తర్వాతి అరగంటలో, కంగారుపడిన యజమాని చేతుల్లో. పాత ఫైలు పేరు మీదే కొత్త ఫైలును రాయిస్తారు. పేరు చివర ఉన్న ఏఎంఆర్‌ను చెరిపి ఎంపీ3 అని దిద్దుతారు. సగం మారిన ఫైలును మళ్లీ ఇంకో ప్రోగ్రామ్‌లో వేసి మారుస్తారు. చివరికి ‘ఇది చెడిపోయింది’ అని అసలుదాన్నే తీసేస్తారు. ఫైలు పేరు దిద్దితే లోపలి సరుకు మారదు. గోంగూర సీసాకు ఆవకాయ చీటీ అంటించినట్టు ఉంటుంది అంతే.

తెలుగు అభ్యర్థులకు ఇలాంటి నష్టం ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ముఖర్జీ నగర్ ప్రధానంగా హిందీ మీడియం వారి అడ్డా. ఢిల్లీకి వచ్చే తెలుగువారు ఎక్కువగా కరోల్ బాగ్, ఓల్డ్ రాజిందర్ నగర్ వైపు ఉంటారు. మెయిన్స్‌ను తెలుగులో రాయడానికి యూపీఎస్సీ అనుమతిస్తుంది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌ను తెలుగులో రాసి జాతీయ స్థాయిలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు కూడా. కానీ ఢిల్లీలో తెలుగులో పాఠం దొరకడం కష్టం. హైదరాబాద్ అశోక్ నగర్‌లో క్లాసుకు వెళ్తున్న స్నేహితుడు రికార్డు చేసి పంపిన తెలుగు సాహిత్యం పాఠమే ఆధారం. అది పోతే జెరాక్స్ దుకాణంలో దొరికేది కాదు.

సమస్య ఎక్కడుందో తెలియాలంటే ఫైలు లోపలికి తొంగిచూడాలి. ఆడియో ఫైలును టిఫిన్ క్యారియర్ అనుకుంటే సగం సంగతి బోధపడుతుంది. ఫైలు పేరు చివర కనిపించే ఎం4ఏ, డబ్ల్యూఎంఏ లాంటివి ఎక్కువగా క్యారియర్ పేర్లు. లోపల పప్పుందో పులుసుందో చెప్పేది కోడెక్, అంటే శబ్దాన్ని కుదించి దాచిన పద్ధతి. పాత నోకియా ఫోన్లు మాటను ఏఎంఆర్ పద్ధతిలో దాచేవి. ఐఫోన్, చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల రికార్డర్లు ఎం4ఏ క్యారియర్‌లో ఏఏసీ శబ్దాన్ని పెడతాయి. వాట్సాప్ వాయిస్ నోట్ వాడేది ఓపస్. ఎన్ని రకాల ఫోన్లుంటే అన్ని రకాల వంటలు.

అను ఫాంట్లతో కంపోజ్ చేసిన శుభలేఖను ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిచినవారికి ఈ బాధ కొత్త కాదు. తెర మీద పిచ్చిగీతలు కనిపిస్తాయి. శుభలేఖ చెడిపోలేదు, చదివే సాధనం అక్కడ లేదు. ఆడియోలో ఇంకో మెలిక కూడా ఉంది. ఫైలును వినిపించడానికి డీకోడర్ కావాలి, కొత్త రూపంలో రాయడానికి ఎన్‌కోడర్ కావాలి. ఈ రెండూ వేరు. ‘పాత ఫైలు చక్కగా వినిపిస్తోంది, కానీ ఎంపీ3గా మారడం లేదు’ అంటే డీకోడర్ ఉంది, ఎన్‌కోడర్ దగ్గరే చిక్కు వచ్చిందన్నమాట. ‘అసలు వినిపించడమే లేదు’ అంటే చిక్కు అంతకు ముందే ఉంది. ఈ ఒక్క తేడా గమనిస్తే వెతుకులాట సగానికి తగ్గుతుంది.

అందరికీ తెలిసిన ఎంపీ3తోనే ఇంత పేచీ ఎందుకంటే దానికి కారణం పేటెంట్లు. ఆ పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ముఖ్యమైన జర్మనీ సంస్థ ఫ్రాన్‌హోఫర్, దాని భాగస్వాములు లైసెన్సు రుసుము వసూలు చేసేవారు. ఉచితంగా పంచే సాఫ్ట్‌వేర్ రూపకర్తలు ఆ రుసుము కట్టలేక ఎంపీ3 ఎన్‌కోడర్‌ను తమ ప్రోగ్రామ్‌లో పెట్టేవారు కాదు. ఉచిత ఆడియో ఎడిటర్ ఆడాసిటీని వాడినవారు లేమ్ అనే ఎన్‌కోడర్‌ను విడిగా తెచ్చి తగిలించుకోవాల్సి వచ్చేది. కొత్త వెర్షన్ వేయగానే దానికి పాత లేమ్ ఎక్కడుందో తెలియక మార్పిడి ఆగిపోయేది. ఫ్రాన్‌హోఫర్ లైసెన్సు కార్యక్రమం 2017 ఏప్రిల్ 23న ముగిసింది. 2019లో వచ్చిన 2.3.2 వెర్షన్ నుంచి ఆడాసిటీ లేమ్‌ను తనలోనే కలుపుకుంది. కానీ ఏఎంఆర్, ఎం4ఏ లాంటివి తెరవాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే లైబ్రరీని మాత్రం విడిగానే వేసుకోవాలి. ఎడిటర్ 64 బిట్ది, లైబ్రరీ 32 బిట్ది అయితే రెండూ పక్కపక్కనే ఉన్నా పలకరించుకోవు. అప్‌డేట్ తర్వాత ఫోన్ రికార్డింగులు ఆడాసిటీలో తెరుచుకోకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఐట్యూన్స్‌ది ఇంకో కథ. అందులో మార్పిడి సదుపాయం పోలేదు, ఇల్లు మారుతూ వచ్చింది. ఒకప్పుడు అడ్వాన్స్‌డ్ మెనూలో ఉండేది. తర్వాతి వెర్షన్లలో ఫైల్ మెనూలోని కన్వర్ట్ కిందకు చేరింది. మాక్ కంప్యూటర్లలో 2019లో ఐట్యూన్స్ స్థానంలోకి మ్యూజిక్ వచ్చింది. అన్నింటికీ మించి, ఆ మెనూలో ఏ మాట కనిపించాలన్నది ఇంపోర్ట్ సెట్టింగ్స్ నిర్ణయిస్తుంది. అక్కడ మామూలుగా ఏఏసీ ఉంటుంది కనుక మెనూ కూడా ఏఏసీగా మార్చమంటారా అనే అడుగుతుంది. సెట్టింగులో ఎంపీ3 ఎన్‌కోడర్‌ను ఎంచుకుంటే తప్ప మెనూలో ఎంపీ3 మాట రాదు. అప్‌డేట్ తర్వాత సెట్టింగు మొదటికి వస్తే సదుపాయమే ఎత్తేశారనిపిస్తుంది. కొత్త ఐట్యూన్స్ నచ్చక పాతదానికి వెళ్లాలనుకునేవారికి మరో అడ్డంకి ఉంది. కొత్త వెర్షన్ పాటల జాబితా ఫైలును తన పద్ధతిలో తిరగరాస్తుంది. పాత వెర్షన్ దాన్ని చూసి, ఇది నాకంటే కొత్తవాడు రాసింది, చదవలేను అని చేతులెత్తేస్తుంది. ఐట్యూన్స్ ఫోల్డర్‌లోనే ‘ప్రీవియస్ ఐట్యూన్స్ లైబ్రరీస్’ అన్న పేరుతో పాత జాబితా నకలు ఉంటుంది. దాన్ని బయటకు తీసి పెడితే పని జరుగుతుంది.

విండోస్ మీడియా ప్లేయర్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అది సీడీలోని పాటను ఫైలుగా తీసిపెడుతుందే తప్ప ఒక ఫైలును ఇంకో ఫైలుగా మార్చదు. 2004 నాటి పదో వెర్షన్‌లో సీడీని నేరుగా ఎంపీ3గా తీసే సదుపాయం వచ్చింది. దాన్ని చూసి అన్నీ మారుస్తుందని అనుకున్నవారు ఉన్నారు. విండోస్ 11లో 2022 నుంచి కొత్త మీడియా ప్లేయర్ వచ్చింది. పాతది ‘లెగసీ’ అన్న తోకతో పక్కనే ఉంది. రెండింటిలోనూ ఫైలు మార్పిడి కోసం వెతకడం వృథా.

ఇక వీఎల్‌సీ. నారింజ రంగు ట్రాఫిక్ కోన్ గుర్తున్న ఈ ప్లేయర్ కూడా విద్యార్థుల సృష్టే. పారిస్‌లోని ఎకోల్ సెంత్రాల్ అనే ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు 1996లో క్యాంపస్ నెట్‌వర్క్ మీద టీవీ చూసుకోవడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. 2001లో అందరికీ ఉచితంగా, సోర్సు కోడ్‌తో సహా విడుదలైంది. దాదాపు ఏ ఫైలునైనా వినిపిస్తుంది, మార్పిడి కూడా చేస్తుంది. మీడియా మెనూలో కన్వర్ట్/సేవ్, లేదా కంట్రోల్ కీతో ఆర్ నొక్కితే చాలు. వినిపించడంలో దానికి ఎదురులేదు. మార్పిడిలో మాత్రం అది కాస్త ముక్కోపి.

అప్‌డేట్ తర్వాత వీఎల్‌సీలో కనిపించే లోపాల్లో పేరున్నది ‘ఎంపీ3 ఎన్‌కోడర్ దొరకలేదు’ అన్న సందేశం. లైనక్స్ వాడేవారికి ఇది ఎక్కువ పరిచయం. అక్కడ వీఎల్‌సీ శబ్ద లైబ్రరీలను సొంతంగా తెచ్చుకోకుండా సిస్టమ్‌లో ఉన్నవాటినే వాడుకుంటుంది. వాటిలో ఎంపీ3 రాసే భాగం లేకపోతే వీఎల్‌సీ చేయగలిగింది లేదు. లేమ్‌తో కూడిన లైబ్రరీలు వేసుకుంటే కుదురుతుంది. విండోస్‌లో తరచు కనిపించేది మరొకటి. పాత వెర్షన్ వదిలివెళ్లిన సెట్టింగులు కొత్తదానికి సరిపడవు. టూల్స్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి రీసెట్ నొక్కి, ప్లేయర్‌ను మూసి మళ్లీ తెరిస్తే చాలా రోగాలు కుదురుతాయి. అంత తేలిక మందు ఉండగా చాలామంది ప్లేయర్‌ను తీసేసి మళ్లీ వేస్తారు. సెట్టింగులు విడి ఫోల్డర్‌లో ఉంటాయి కనుక అవి అలాగే ఉండిపోవచ్చు, రోగమూ అలాగే ఉంటుంది.

కీచు గొంతు సంగతి వేరు. మామూలు ఏఎంఆర్ రికార్డింగ్ సెకనుకు 8,000 నమూనాలతో ఉంటుంది. సీడీ స్థాయి శబ్దానికి 44,100. ఎనిమిది వేల లెక్కన రాసినదాన్ని పదహారు వేలనుకుని చదివితే గంట పాఠం అరగంటలో అయిపోతుంది, గొంతూ పైకి లేస్తుంది. కన్వర్ట్/సేవ్ పెట్టెలో ప్రొఫైల్ పక్కనున్న రెంచీ బొమ్మ నొక్కితే ఆడియో కోడెక్ వివరాలు వస్తాయి. అక్కడ శాంపిల్ రేటును 44,100గా పెట్టడం మేలు. ఎంపీ3లో 8,000 రేటు ఉండకూడదని కాదు. అసలు ప్రమాణంలో అది లేదు, తర్వాత చేర్చుకున్న పొడిగింపు. అందుకే కంప్యూటర్‌లో పలికిన ఫైలు చేతిలో పట్టుకునే చౌక ప్లేయర్‌లో పలకకపోవచ్చు.

సున్నా బైట్ల ఫైలు వచ్చిందంటే మొదట చూడాల్సింది గమ్యం. పెన్‌డ్రైవ్ నిండిపోయి ఉండొచ్చు. కొత్త ఫైలుకు ఇచ్చిన పేరు, చోటు రెండూ పాత ఫైలువే అయి ఉండొచ్చు. ఇలాంటప్పుడే అసలు ఫైలుకు చేటు. చదవాల్సిన ఫైలు మీదే రాయమంటే కొన్ని ప్రోగ్రాములు మారు ప్రశ్న లేకుండా రాసేస్తాయి. ఇంకోటి తెలుగువారికే పట్టే చిక్కు. ఫైలుకు ‘ప్రబంధ యుగం రెండో క్లాసు’ అని తెలుగు లిపిలో పేరు పెడితే ఫోన్ సంతోషంగా ఒప్పుకుంటుంది. యూనికోడ్ తెలియని పాత మార్పిడి ప్రోగ్రాములు మాత్రం ఆ పేరును ప్రశ్నార్థకాల వరుసగా చూసి, అలాంటి ఫైలే లేదంటాయి. మార్చేముందు ఆ ఫైలు నకలుకు ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టి పేరు పెట్టి చూస్తే తేలిపోతుంది. తెలుగు పేరు మీద మమకారం ఉన్నవారు తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చు.

వీటన్నిటికీ ముందు చేయాల్సింది ఫైలు నకలు తీసి నకలు మీదే ప్రయోగం చేయడం. వీఎల్‌సీలో ఆ నకలును వినిపిస్తూ కంట్రోల్‌తో జే నొక్కితే క్యారియర్‌లో ఏముందో, ఏ కోడెక్, ఎంత శాంపిల్ రేటు అన్నవి కనిపిస్తాయి. ఆపైన రెండు గంటల లెక్చరును కాకుండా నిమిషం నిడివి ఉన్న ఏదో వాయిస్ నోట్‌ను మార్చి చూడాలి. అది మారితే ప్లేయర్‌లో లోపం లేదు, ఆ ఒక్క ఫైలులోనే తేడా ఉంది. అదీ మారకపోతే ప్లేయర్ సెట్టింగులు. రీసెట్‌తోనూ కుదరకపోతే పాత వెర్షన్ ఉండనే ఉంది. వీఎల్‌సీ రూపకర్తలు పాత వెర్షన్లన్నీ తమ సర్వర్‌లో అలాగే ఉంచుతారు. పరీక్ష ముందు ఇది సిగ్గుపడాల్సిన పని కాదు. భద్రతా లోపాల సవరణలు పాతదానిలో ఉండవు కనుక పరీక్ష అయ్యాక కొత్తదానికి రావచ్చు.

ఎక్కడి నుంచి దించుకుంటున్నామన్నది మాత్రం చూసుకోవాలి. 2022 ఫిబ్రవరి నుంచి కొన్ని నెలల పాటు వీఎల్‌సీ అధికారిక వెబ్‌సైట్ భారత్‌లో చాలామందికి తెరుచుకోలేదు. కారణం చెప్పకుండానే దాన్ని బ్లాక్ చేశారు. రూపకర్తల సంస్థ వీడియోలాన్ లీగల్ నోటీసు పంపాక, ఆ ఏడాది నవంబర్‌లో నిషేధం తొలగింది. ఆ నెలల్లో వీఎల్‌సీ కావలసినవారు ఊరూపేరూ లేని సైట్లకు వెళ్లే పరిస్థితి ఏర్పడింది. అలాంటి చోట దించుకున్నదానితో పాటు ఏవేం దిగుతాయో చెప్పలేం. ‘ఉచితంగా మార్చిపెడతాం, ఫైలు పంపండి’ అనే ఆన్‌లైన్ సైట్ల సంగతీ అంతే. ఆకాశవాణి వార్తలను పంపితే పోయేదేమీ లేదు. సొంత వివరాలన్నీ ఏకరువు పెట్టిన మాక్ ఇంటర్వ్యూ రికార్డింగును ముక్కూమొహం తెలియని సర్వర్‌కు పంపడం వేరు.

ఎన్ని చేసినా మారని ఫైళ్లు కొన్నుంటాయి. అవి తాళం వేసినవి. కోచింగ్ యాప్‌లో దాచుకున్న పాఠం ఆ యాప్‌లో తప్ప పలకదు, ప్లేయర్‌ను తిట్టి లాభం లేదు. పాత విండోస్ మీడియా ప్లేయర్‌లో సీడీని కాపీ చేసేటప్పుడు ‘కాపీ ప్రొటెక్ట్’ అన్న గడిలో టిక్కు ఉంటే సొంత సీడీ నుంచి తీసిన ఫైలుకూ తాళం పడేది. లైసెన్సులను బ్యాకప్ చేసుకునే సదుపాయాన్ని 2006 నాటి 11వ వెర్షన్‌లో ఎత్తేశారు. ఆ పాత తాళాల సేవలకు ఇక స్వస్తి పలుకుతున్నామని మైక్రోసాఫ్ట్ 2024లో ప్రకటించింది. అలాంటి ఫైళ్లు ఇంకా ఉన్నవారు అసలు సీడీని వెతుక్కోవడమే దారి. తాళాలు పగలగొట్టే ప్రోగ్రాములు దొరుకుతాయి కానీ, 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలా చేయడాన్ని నేరంగా చూస్తుంది.

అదే సవరణ ఇంకో మంచి పని కూడా చేసింది. వికలాంగులు వాడుకోగలిగే రూపంలోకి పుస్తకాలను, రికార్డింగులను మార్చుకోవడానికి కాపీరైట్ అడ్డురాకుండా మినహాయింపు ఇచ్చింది. అంధుల కోసం కుదిరిన మరాకెష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించింది భారతే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో అంధులకు, చూపు మందగించినవారికి ఒక శాతం కేటాయించింది. చూపు లేని సివిల్స్ అభ్యర్థికి రికార్డింగ్ అదనపు సదుపాయం కాదు. అదే పాఠ్యపుస్తకం, అదే నోట్సు.

ప్లేయర్ అప్‌డేట్ ఆ అభ్యర్థిని కొట్టే దెబ్బ కూడా వేరు. చూపున్నవాళ్లు మారిన మెనూలో మౌస్ తిప్పుతూ వెతుక్కుంటారు. చూపు లేనివారికి తెర మీది మాటలను స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అలాంటి ఉచిత ప్రోగ్రామ్. ఆయనకూ చూపు లేదు. ఏ మెనూలో ఎన్నోసారి కింది బాణం నొక్కితే కన్వర్ట్ వస్తుందో చేతివేళ్లకు అలవాటైపోయి ఉంటుంది. కొత్త వెర్షన్‌లో ఆ వరుస మారితే ఇల్లంతా చీకట్లో సర్దేసినట్టే. అందుకే కంట్రోల్ ఆర్ లాంటి కీల జోడీలను గుర్తుపెట్టుకోవడం వారికి మెనూ దారి కంటే నమ్మకమైన ఆధారం. అప్‌డేట్లను తమంతట తాము జరగకుండా ఆపి, చూపున్న స్నేహితుడు పక్కనున్న రోజున వేసుకోవడం ఇంకా మంచిది.

అసలు రికార్డింగులను దాచడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మంచి నాణ్యతగల ఏఎంఆర్‌లో గంట మాట దాదాపు 5.5 ఎంబీ. అదే సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 లేదా ఎం4ఏ అయితే 58 ఎంబీ లోపు. రోజుకు రెండు గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు రికార్డు చేసినా 600 గంటలు, పెద్ద లెక్కలో 35 జీబీ. ఒక్క 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో సర్దుకుని ఇంకా చోటు మిగులుతుంది. అందులోకి వెళ్లాల్సింది ఫోన్ రాసిన ఫైలు రాసినట్టుగా, మార్చినవి కాదు. కుదింపు జరిగిన ప్రతి మార్పిడిలోనూ కొంత శబ్దం శాశ్వతంగా పోతుంది. ఏఎంఆర్‌ను ఎంపీ3 చేసి, దాన్ని మళ్లీ ఇంకోటి చేస్తే వెనక బెంచీ నుంచి రికార్డు చేసిన లెక్చరులో ముందే అంతంతమాత్రంగా ఉన్న హల్లులు కలిసిపోతాయి. ఆ పెన్‌డ్రైవ్‌ను లాప్‌టాప్ సంచిలో పెట్టకూడదు. సంచి పోతే రెండూ పోతాయి.